ఐదున్నర శ్రుతి

నరసరావుపేట,
గురువారం మధ్యాహ్నం.

చిరంజీవి హిమజను అమ్మ మనసారా దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరమన్నాక ఈ మాట రాయాలి కాబట్టి రాశాను. ఒంటి వరకు చూసుకుంటే అబద్ధమూ కాదు. నాకు మోకాలి నొప్పి తప్ప వేరే రోగం లేదు, మీ నాన్నకు దాచేపల్లి దుమ్ము తెచ్చే తుమ్ములు తప్ప ఏమీ లేదు, అమ్మగారి బీపీ మామూలుగానే ఉంది. మిగతా క్షేమం ఏపాటిదో ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది. నువ్వు అక్కడ హాస్టల్లో వేళకు తింటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. పోస్టుమ్యాన్ చేతికిస్తూ, ఈ కాలంలో కూడా చేత్తో ఉత్తరం రాసే పిల్ల ఉందా అని ఆశ్చర్యపోయాడు. మా అమ్మాయేనని గొప్పగా చెప్పాను గానీ, నెల దాటి అమ్మ ఫోన్ ఎత్తనిది కూడా ఆ పిల్లేనని చెప్పలేదు. ఇప్పుడు నేనూ ఫోన్ మానేసి కాగితం పట్టుకున్నాను. ఈ ఇంట్లో ఫోన్లో మాట్లాడితే వీధి వరండా నుంచి పెరట్లో అంట్లు తోమే చోటు దాకా వినపడుతుంది. పైగా మాట్లాడేటప్పుడు నాకు కోపం ముందొస్తుంది, మాట తర్వాత వస్తుంది. రాసేటప్పుడైతే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. అమ్మగారి దగ్గు తగ్గింది. మిరియాల కషాయం వద్దని మొండికేస్తే, పాలల్లో కలిపి పసుపు పాలని చెప్పి తాగించాను. మీ నాన్నకు ఈ వారం ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు. వచ్చేటప్పుడు బస్సులో నిలబడే వస్తున్నారు. స్నానం చేసినా కనుబొమ్మల్లో సిమెంటు పోదు, తుడుచుకోమంటే విసుక్కుంటారు. ఎదురింటి హజ్రా బీ కూతురు ఫాయిజాకు గుంటూరులో బి.ఇడి. సీటు వచ్చింది. అక్క ఎప్పుడొస్తుందని గుమ్మం దగ్గర నిలబడి రోజూ అడుగుతుంది. నీ పచ్చ శాలువా దొరికింది. టౌన్‌హాల్లో వేదిక వెనక కుర్చీ మీద ఉంటే మైకు సెట్టు షఫీక్ తెచ్చి ఇచ్చాడు. ఉతికి మడతపెట్టాను.

అన్నీ అడిగి, చివర్లో కాగితం అంచున చోటు చాలక ఇరికించినట్టు ఒక మాట రాశావు. "ఆ రోజు శ్రుతి ఐదున్నరే కదమ్మా? నువ్వెందుకు అలా చెప్పావు?" అని. నీకు అన్నిటికన్నా ముందు అడగాలనిపించింది అదేనని నాకు తెలుసు. దానికి జవాబు చెబుతాను. తప్పించుకోను. కానీ ముందు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి రాసుకుంటూ వస్తే గానీ నాకు ఆ జవాబు రాసే ధైర్యం రాదు.

నేను అమ్మగారి వెనక తంబూరా పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టేనాటికి నువ్వు పుట్టలేదు. అప్పటికే మహాలక్ష్మమ్మ గారి పేరు రేడియోలో చెబితే హోటళ్ళలో కూడా జనం మాటలాపి వినేవారు. నేను కోటప్పకొండ కింద పల్లెలో పత్తి తీసుకునే ఇంటి పిల్లను. పాట నేర్చుకోవాలని మీ తాతను సతాయించి ఆవిడ దగ్గర చేరాను. కొన్నాళ్ళు నేర్పి, ఒకరోజు మొహం మీదే చెప్పేశారు. "కోటేశ్వరీ, నీది బొంగురు గొంతే. చెవి మాత్రం దేవుడిచ్చాడు. నువ్వు పాడబాకు, పట్టుకో" అని తంబూరా తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ఆ పూట అన్నం తినకుండా ఏడ్చాను. మర్నాటి నుంచి పట్టుకున్నాను, ఇప్పటి దాకా దించలేదు. పెళ్ళయ్యాక ఈ ఇంటి వెనక వాటాలోనే కాపురం పెట్టాం. నువ్వు ఇక్కడే పుట్టావు, ఇక్కడే పాట నేర్చావు. నాకు రాని గొంతు నీకు వచ్చిందని ఆవిడ నీ చేత మొదటి స్వరాలు పాడించిన రోజున తెలిసింది.

వెనక కూర్చునేవాళ్ళ బతుకు నీకు చిన్నప్పుడే తెలుసు. కరపత్రంలో వయొలిన్ ఆయన పేరుంటుంది, మృదంగం ఆయన పేరుంటుంది, దీపం వెలిగించిన ఎమ్మెల్యే పేరు అందరికన్నా పెద్దగా ఉంటుంది. తంబూరా పేరుండదు. శాలువాలు కప్పుకుంటూ వచ్చి నా దగ్గరకొచ్చేసరికి అయిపోయాయనేవాళ్ళు. మొదట్లో మీ నాన్న దగ్గర మండిపడేదాన్ని. తర్వాత అలవాటైంది. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు, చెంగుకు పిన్నీసులు, అమ్మగారు సాహిత్యం మరిచిపోతే వెనక నుంచి మొదటి ముక్క అందించడం, ఇవన్నీ నా పనులు. ఒకసారి అమరావతిలో అమ్మగారు పాడుతుంటే చాలా పేరున్న నర్తకి ఆడుతోంది. ఆట మధ్యలో ఆవిడ పూలజడ ఊడి వేలాడింది. తెర లేని వేదిక. నేను తంబూరా పక్కన పెట్టి, పళ్ళెం పట్టుకుని చెలికత్తెలాగా మెల్లగా నడిచి వెళ్ళి, ఆవిడ కూర్చుని అభినయం పడుతున్నప్పుడు వెనక నిలబడి జడ బిగించి వచ్చాను. మర్నాడు ఒక పెద్దాయన, ఆ చెలికత్తె ప్రవేశం ఎంత బాగుందో అన్నాడు. అమ్మగారు, నేను కడుపుబ్బ నవ్వుకున్నాం. ముందున్నవాళ్ళకు జరిగిన లోటు జనానికి కనపడకుండా చూడటమే మన ధర్మమని ఆ రోజు నుంచీ నా బుర్రలో నాటుకుపోయింది.

శ్రుతి విషయంలో ఈ ఇంటి పద్ధతి నీకు తెలిసిందే. శ్రుతి అంటే పాటకు నేల అని నీకు చెప్పింది ఆవిడే. నేల ఎంత ఎత్తున ఉంటే గొంతు అంతకంటే పైకి ఎక్కాలి. అమ్మగారిది మొదటి నుంచీ ఐదున్నర, నీకు నేర్పిందీ అందులోనే. కరెంటుతో మోగే శ్రుతిపెట్టెను ఆవిడ గడప దాటనివ్వరు. నేను ఏది కలిపితే ఈ ఇంట్లో అదే శ్రుతి. నన్ను ఎన్నడూ తిరిగి అడిగింది లేదు, చూసింది లేదు. ఆ నమ్మకం చూసి నేను మురిసిపోయేదాన్ని.

ఇక మాఘమాసంలో సంగీత సభ వార్షికోత్సవం. నువ్వు నీ వైపు నుంచి చూసిందే నాకు రాశావు, నేను నా వైపు నుంచి చూసింది రాస్తాను. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాడతానని అమ్మగారు వారం ముందు నుంచే పండగ చేసుకున్నారు. నువ్వు చెన్నై నుంచి దిగి ఇంటికైనా రాకుండా టౌన్‌హాలుకు వెళ్ళావు. తంబూరా మైకులో సరిగ్గా వినపడదని షఫీక్ అంటే, నీ పెట్టె పెట్టనా అని అమ్మగారికి ఫోన్ చేశావు. "శ్రుతి ఎందులో మోగితే ఏందే, ఐదున్నరే కదా. పెట్టు" అన్నారు. ఇంట్లో ఒప్పుకోని మనిషి నీ కోసం అక్కడ ఒప్పుకున్నారు. నా చేతికి శ్రమ తగ్గుతుందని నువ్వు ఆ పెట్టె పెట్టావని షఫీక్ తర్వాత నాతో చెప్పాడు.

వర్ణం బాగానే సాగింది. పెద్ద కీర్తన అనుపల్లవిలో పైకి వెళ్ళగానే అమ్మగారి గొంతు చీలింది. మళ్ళీ ఎత్తుకున్నారు, మళ్ళీ చీలింది. నువ్వు అందుకున్నావు. శిష్యురాలు చేయాల్సింది అదే. నీ గొంతు అక్కడ తేలిగ్గా నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే కొంప ముంచాయి. అమ్మగారు పాట ఆపి, మైకు ముందే నీ వైపు తిరిగి, శ్రుతి పెంచావా అని అడిగారు. లేదమ్మా, మీరు నేర్పిన ఐదున్నరే అన్నావు నువ్వు. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగారు.

"కోటేశ్వరీ, నువ్వు చెప్పు. మనం ఇంట్లో రోజూ పాడే శ్రుతేనా ఇది?"

"కాదమ్మా. కొంచెం ఎక్కువే" అన్నాను.

నువ్వు నా వైపు చూశావు. నేను తంబూరా తీగల వైపు చూసుకున్నాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అమ్మగారు గొంతు తగ్గించనైనా తగ్గించకుండా, "గురువును మించిపోయావని ఊరికి చూపించుకోవాలంటే నేను పోయాక చూపించుకోవాల్సింది. బతికుండంగానే ఎందుకే?" అన్నారు. నువ్వు కాళ్ళకు దండం పెట్టబోతే కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయావు. మర్నాటికి పేటంతా, పాలు పోసి పెంచిన గురువుకే గొంతు నొక్కిన శిష్యురాలని చెప్పుకున్నారు. చెన్నై సభవాళ్ళు నీ మొదటి కచేరీకి గురువుగారి మాట కావాలని ఫోన్ చేస్తే, ఆ పేరు నా దగ్గర ఎత్తవద్దని అమ్మగారు పెట్టేశారు. నేను పక్కనే నిలబడి కూరగాయలు తరుగుతున్నాను. నువ్వు ఆ కచేరీ వదులుకున్నావు.

ఇప్పుడు ఈ ఉత్తరంలో రాశావు, పాడదామని నోరు తెరిస్తే పెట్టెలో మోగేది నిజమో కాదో తెలియక భయమేస్తోందని, నీ చెవి మీద నీకే నమ్మకం పోయిందని, సంగీతం మానేసి బ్యాంకు పరీక్షల కోచింగులో చేరతానని. ఆ ముక్క చదివి వంటింట్లో చతికిలబడిపోయాను. పొయ్యి మీద పప్పు మాడినా లేవలేదు.

హిమా, నీ చెవికి ఏమీ కాలేదు. ఆ రోజు నీ పెట్టెలో మోగింది అచ్చమైన ఐదున్నర. తేడా అంతా ఈ ఇంట్లో ఉంది. ఆ తేడా చేసింది నేను.

పోయిన శ్రావణంలో అమ్మగారికి విషజ్వరం వచ్చి తగ్గింది కదా. తగ్గాక సాధకానికి కూర్చున్నారు. పై షడ్జం దాకా వెళ్ళారు గానీ అక్కడ గొంతు నిలవలేదు. నీరసంలే అమ్మా అన్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చివరికి ఒక ఉదయం పాట మధ్యలో ఆపి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. అన్నం తగ్గించేశారు. ఒప్పుకున్న కచేరీలన్నీ వద్దనేయమన్నారు. "పాట పోయినాక ఇంకేం చూడాలని బతకడమే" అని ఆవిడ నోటితో ఆవిడే అన్నారు. అంత గట్టి మనిషి, మొగుడు పోయినప్పుడు కూడా పదకొండో రోజు దాటగానే సాధకానికి కూర్చున్న మనిషి అలా అంటుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మర్నాడు పొద్దున తంబూరా కలిపేటప్పుడు బిరడాలు వెంట్రుకవాసి వదులు చేశాను. అంతే. ఒక్కసారి దించితే ఆ చెవికి దొరికిపోతాను. అందుకని ఇవాళ ఇంత, మళ్ళీ నాలుగు రోజులాగి ఇంకొంత. కార్తీకం వచ్చేసరికి ఒక మెట్టు దిగి నాలుగున్నరలో ఉన్నాం. ఆవిడ ఐదున్నర అనుకునే పాడుతున్నారు. ఒకరోజు పై షడ్జం కదలకుండా నిలబడింది. ఆవిడ పాట ఆపి, "వచ్చిందే కోటేశ్వరీ, నా గొంతు నాకు తిరిగొచ్చిందే" అని నన్ను గట్టిగా పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చారు. ఆ సంతోషం చూశాక చెప్పడానికి నాకు నోరు రాలేదు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. చెప్పే రోజు దానంతటది వస్తుందా?

మృదంగం బసవపున్నయ్య గారు మొదటి కచేరీలోనే పట్టేశారు. ఏమీ అనలేదు. రెండో కచేరీకి ముందు ఫోన్ చేసి, ఏ మృదంగం తెమ్మంటావమ్మా, నాలుగున్నరదేనా అని మాత్రం అడిగారు. అదేనండీ అన్నాను. ఆయనా ఇంకేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. వయొలిన్ ఆయన ఎప్పుడూ తంబూరా విని కలుపుకునే మనిషే కాబట్టి ఆయనతో చిక్కు రాలేదు. గురజాలలో పాడారు, చిలకలూరిపేటలో పాడారు. వయసు తాకని గళమని పేపర్లో రాస్తే ఆ ముక్క కత్తిరించి అద్దానికి అంటించుకున్నారు. అందరం ప్రేమతోనే చేశాం. అందరం కలిసి ఆవిడకు తెలియకుండా ఆవిడను ముసలిదాన్ని చేసి కూర్చోబెట్టాం.

సభ రోజున మాత్రం మనవాళ్ళు లేరు. బసవపున్నయ్య గారికి కంటి ఆపరేషనైతే విజయవాడ నుంచి కొత్తవాళ్ళను పిలిపించారు. నేను తంబూరాతో ఆటో దిగి, గ్రీన్‌రూమ్ గుమ్మంలో కాలు పెట్టకముందే నీ పెట్టె మోత విన్నాను. గుండె గుభేలుమంది. నీ చెవి దగ్గర నోరు పెట్టి, తగ్గించవే అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నువ్వు ఎందుకమ్మా అని గట్టిగా అడిగేదానివి. పక్కనే అమ్మగారు పూలు సర్దుకుంటున్నారు. ఆ భయానికి నోరు మూసుకుని, నా చేత్తో నేనే బిరడాలు బిగించి, తంబూరాను నీ పెట్టెకు కలిపాను. ఈ ఒక్క పూటకు గొంతు లేపు సామీ అని కోటయ్యకు మొక్కుకున్నాను. మీటుతున్నంతసేపూ చెయ్యి వణుకుతూనే ఉంది. నువ్వు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, నొప్పిగా ఉందామ్మా అని కళ్ళతోనే అడిగావు.

అందుకని అమ్మగారు అడిగినప్పుడు నేను చెప్పింది అబద్ధం కాదు. మేం రోజూ పాడే శ్రుతి కాదది, ఎక్కువే. ఆ నిజాన్ని నీ నెత్తిన పడేసి నేను తప్పుకున్నాను. అబద్ధమాడినా నాకింత పాపం చుట్టుకునేది కాదేమో. ఐదున్నరేనమ్మా, ఇన్నాళ్ళూ దించింది నేనని ఆ వేదిక మీదే అని ఉంటే నన్ను తిట్టేవారు, తన్ని తరిమేసేవారు. నీకేం కాకపోయేది. పరాయి ఆవిడ పరువు కాచుకుంటూ కన్నకూతురి పరువు బజారున పడేశాను. ఆవిడ పరాయిదేమిటే అంటావు నువ్వు. నాకు తెలుసు. అందుకే ఇంత పని చేశాను.

మంగళవారం పొద్దున నీ ఉత్తరం రొంటిన దోపుకుని తంబూరా దగ్గర కూర్చున్నాను. అసలైన ఐదున్నరకు కలిపాను. అమ్మగారు వచ్చి కూర్చుని, స్వరం ఎత్తుకుని, ఆగారు.

"ఏందే ఇది, పెరిగింది."

"పెరగలేదమ్మా. ఐదున్నర ఇదే. శ్రావణం నుంచి మీరు పాడేది నాలుగున్నర. నేనే దించాను. హిమజ తప్పు కలపలేదు."

ఆవిడ నా మాట నమ్మలేదు. నా ఫోన్లో శ్రుతి ఉంటుందట కదా, పెట్టమన్నారు. పెట్టి, పక్కన తంబూరా మీటాను. రెండూ ఒకటే. ఆవిడ కళ్ళు మూసుకుని ఎంతసేపు విన్నారో. నా మాటను ఫోన్‌తో సరిచూసుకోవడం ఇన్నేళ్ళలో అదే మొదలు. తిడతారని కూర్చున్నాను. తిట్టినా బాగుండేది.

"గొంతు పోయిందని తెలిస్తే వయసైపోయిందిలే అని సర్దుకునేదాన్ని కోటేశ్వరీ. నువ్వు నా చెవి తీసేశావు. పిల్లదాని చెవి కూడా తీశావు."

అంతే అన్నారు. లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. మధ్యాహ్నం అన్నం తినలేదు. అద్దానికి అంటించిన పేపరు ముక్కను గోటితో గీకుతున్న చప్పుడు బయటికి వినపడింది. నేను గడప దగ్గరే కూర్చున్నాను. షిఫ్టు దిగి వచ్చిన మీ నాన్నకు కూడా అక్కడే కూర్చుని అంతా చెప్పాను. ఆయన ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనని మనిషి కదా. బూట్లు విప్పుకుంటూ, "పిల్ల ఫోన్ ఎత్తట్లేదని ఇన్నాళ్ళూ దాన్ని తిట్టుకున్నా. నిన్ను తిట్టాల్సింది" అని, టిఫిన్ బాక్సు కడగడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు.

నిన్న పొద్దున అమ్మగారే తలుపు తీసి, సభ సెక్రటరీకి ఫోన్ కలపమన్నారు. ఉగాదికి ముందొచ్చే ఆదివారం టౌన్‌హాలు కావాలన్నారు. ఫోన్ పెట్టాక నాకు చెప్పారు. ముందు ఆవిడ నాలుగున్నరలో పాడతారట. నా గొంతు ఇప్పుడు ఇంతే అని మైకులో చెప్పి మరీ పాడతారట. తర్వాత నువ్వు ఐదున్నరలో పాడాలట. ఊరు రెండూ వింటుందట. నేను కాళ్ళ మీద పడ్డాను. ఊరందరికీ తెలిసిపోతుందమ్మా, ఇంత పేరు సంపాదించుకుని చివరికి ఇదెందుకమ్మా అన్నాను.

"తెలిస్తే ఏందే? చక్కగా పాడిన పిల్లను నలుగుర్లో అంత మాట అన్నాను. అంతకన్నా పరువు తక్కువ ఇంకోటుందా?" అన్నారు.

చేసేది లేక, మరి తంబూరా ఎప్పుడు కలపమంటారమ్మా, మధ్యలో శ్రుతి మార్చడానికి రెండోది కూడా తీసుకురానా అని అడిగాను. నా బుద్ధి చూడు, అప్పుడు కూడా ఏర్పాట్ల మీదకే పోయింది. ఆవిడ నా వైపు చూడకుండానే, "తంబూరా హిమజ కలుపుద్ది. నువ్వు ఇంక నా వెనక కూర్చోబాకు" అన్నారు. మరి నేనెక్కడ కూర్చోను అని అడిగాను. జనంలో కూర్చోమన్నారు.

నాకు ఏడుపు రాలేదు హిమా. లోపలికి వచ్చి బియ్యం ఏరుతూ కూర్చున్నాను. నిన్నటి నుంచి సాధకం తంబూరా లేకుండానే చేస్తున్నారు. నేను గుమ్మంలో కనపడితే ఆపేస్తున్నారు. అందుకని ఆ వేళకు పెరట్లో పని పెట్టుకుంటున్నాను. చేసుకున్నదానికి చేసుకున్నంత అని మా అమ్మ అనేది, నిజమే. ఆదివారం రోజు అంతసేపు కుర్చీలో ఊరికే కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం నాకు తెలియడం లేదు.

నీకు ఫోన్ చేయమని ఆవిడను అడిగాను. ఏ మొహం పెట్టుకుని చేయనే, నువ్వే రాయి అన్నారు. నీకు ఆవిడ చెప్పమన్న మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "దాన్ని రమ్మను. ఆ రోజు నేను ఎక్కడ ఆపేశానో అక్కడి నుంచే ఎత్తుకోమను."

నన్ను క్షమించమని రాయడం లేదు. అడిగితే క్షమించేస్తావు, చిన్నప్పటి నుంచీ నీది ఆ బుద్ధి. నాకు అది వద్దు. కోచింగు ఫీజు కట్టేసి ఉంటే మీ నాన్నతో చెప్పు, ఆయన చూసుకుంటారు. శనివారం రాత్రి బస్సెక్కితే పొద్దున్నే దిగుతావు. ఫాయిజా బస్టాండుకు వస్తానంది, నన్ను రమ్మంటేనే వస్తాను. ఇంటికి వచ్చాక నాతో మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడవద్దు. నీ పెట్టె వెంట తెచ్చుకో. అది సరిగ్గానే మోగుతుంది, నువ్వు సరిగ్గానే వింటావు. పాడు తల్లీ.

ఇట్లు,
ఐదున్నరేనని ఆ రోజు నలుగుర్లో చెప్పాల్సిన
మీ అమ్మ,
కోటేశ్వరి